పట్టణ పోరు శిక్షణకు వెళ్లే సాపర్ తమ్ముళ్లకు జాగ్రత్తలు

2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పూడ్చడానికి ఆర్మీ ఇంజినీరింగ్ దళం జవాన్లు, అంటే సాపర్లు, వచ్చినప్పుడు బెజవాడ జనం వాళ్లను కళ్లారా చూశారు. గండి పూడ్చడం, వంతెన వేయడం, మందుపాతర తీయడం సాపర్ పనులని అందరికీ తెలుసు. అవసరం పడితే రైఫిల్ పట్టి పదాతి దళంలా పోరాడటం కూడా సాపర్ బాధ్యతే. దీన్ని మన కుర్రాళ్లే కొందరు తేలిగ్గా తీసుకుంటున్నారు. నేను మద్రాస్ సాపర్లలో చేసి రిటైరయ్యాను. సెలవు మీద ఇంటికొచ్చి, ఇక్కణ్నుంచి శిక్షణకు వెళ్లబోతున్న తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నాను.

1987 అక్టోబరులో మన సైన్యం శ్రీలంకలోని జాఫ్నా పట్టణంలోకి వెళ్లినప్పుడు కింద మందుపాతరలు, ఇళ్లలోంచి తూటాలు రెండూ ఎదురయ్యాయి. పట్టణంలో ముందు పదాతి దళం వెళ్లి దారి చేస్తుంది, తర్వాత మనం వెళ్లి పని చేసుకుంటాం అనుకోవడానికి లేదు.

అసలు ప్రమాదం మన పని అలవాటులోనే ఉంది. పనిలో పడితే తల కిందికి దిగిపోతుంది. శిక్షణ కోసం కట్టిన ఊళ్లో ఒకసారి గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చుని మందుపాతరలు వెతికే చువ్వతో (ప్రాడర్) మట్టి గుచ్చి చూస్తున్నాను. అడ్డంగా ఉందని రైఫిల్‌ను వీపు మీదికి నెట్టేశాను. లోపల మెట్ల మీద అడుగుల చప్పుడైంది. లేవబోతే రైఫిల్ పట్టీ (స్లింగ్) తలుపు గడియకు తగులుకుంది. విడిపించుకునేలోపే శిక్షణ ఇచ్చే ఉస్తాద్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఆటలో చచ్చిపోయినట్టు లెక్క. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే రైఫిల్ ఎప్పుడూ ఛాతీ మీదే ఉండాలి, ఒక్క చేత్తో అందాలి. జోడీగా పనిచేయండి. ఒకరు పని, ఒకరు కాపలా. కాపలా ఉన్నవాడికి పక్కవాడి చేతుల వైపు చూడాలనిపిస్తుంది, చూడొద్దు. పనిచేసేవాడు కూర్చునేటప్పుడు, లేచేటప్పుడు నోటితో చెప్పాలి.

గోడల గురించి మనకు తెలిసినంత పదాతి జవానుకు తెలియదు, ఆ తెలివిని వాడుకోండి. కనపడకుండా దాక్కోవడం వేరు, తూటా ఆగడం వేరు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడను 7.62 మిల్లీమీటర్ల రైఫిల్ తూటాల ముందు నమ్ముకోవద్దు. తలుపు, అల్మారా అసలు లెక్కలోకే రావు. కాంక్రీటు పిల్లర్, ఇసుక బస్తాలు నయం. సెలవులో ఉన్నారు కాబట్టి ఒకసారి వన్‌టౌన్ సందుల్లో మామూలుగా నడిచి రండి. ఈ సందులోకి ఎన్ని కిటికీలు చూస్తున్నాయి, ఏ డాబా పిట్టగోడ మీంచి రెండు వీధులూ కనపడతాయి, ఒక డాబా మీంచి పక్క డాబా మీదికి దాటొచ్చా అని మనసులోనే లెక్కేసుకోండి. ఫొటోలు తీయొద్దు, ఎవరింట్లోకీ తొంగి చూడొద్దు, జనం భయపడతారు.

ఒంటికి కూడా ఇప్పుడే అలవాటు చేయాలి. మైదానంలో పరుగు ఒక్కటే సరిపోదు. పట్టణ పోరంటే మెట్లే. తెల్లవారుజామున వీపున బరువు వేసుకుని కొండప్రాంతం మెట్లెక్కండి. ఎండెక్కాక మాత్రం వద్దు, మన బెజవాడ ఎండ సంగతి తెలిసిందే.

మోకాళ్లకు ప్యాడ్లు, చేతులకు గ్లవ్స్ మరిచిపోవద్దు. శిథిలాల్లో గాజు పెంకులు, తుప్పు పట్టిన ఊచలే ఎక్కువ. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో చూసుకోండి. గదిలో కాలిస్తే చెవులు దిబ్బెడ వేస్తాయి, ఇయర్‌ప్లగ్స్ కావాలి. గుండు లేని బ్లాంక్ తూటానే కదా అని దగ్గర్నుంచి మనిషి వైపు కాల్చొద్దు, గాయమవుతుంది. రక్తం ఆపడానికి బిగించే పట్టీని (టూర్నికే) అందరూ ఒకే చోట పెట్టుకోండి, చీకట్లో మీ జోడీవాడు తడిమితే దొరకాలి. కట్టిన టైమ్ దాని మీదే రాయాలి.

శిక్షణ రోజుల్లో ఫోన్ చేతిలో ఉండకపోవచ్చని ఇంట్లో ముందే చెప్పండి. చెప్పకుండా వెళితే అమ్మ రోజూ టెన్షన్ పడుతుంది. ఎక్కడికి, ఎందుకు అన్నది మాత్రం వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు.