మన కాళ్ల మీద మనం – 3వ పాఠం: కప్పు మీద వాన

పోయిన పాఠంలో పది చదరపు మీటర్ల కూరగాయల మడి గీసి, మట్టి గుల్ల చేసి పెట్టుకున్నాం. ఇక నీళ్ల సంగతి. చాలామంది ఇక్కడే తొందరపడి డ్రమ్ము కొనేస్తారు. నేనూ అదే చేశాను. మీరు మాత్రం ముందు కాగితం, టేపు తీయండి.

చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఈ పాఠంలో బట్టీ పట్టాల్సింది ఇదొక్కటే. కప్పు ఏటవాలుగా ఉంటే వాలు వెంబడి కొలవకండి, కింద ఎంత నేలను కప్పుతోందో అది కొలవండి. 50 చదరపు మీటర్ల కప్పు, 10 మిల్లీమీటర్ల వాన అనుకుందాం: 500 లీటర్లు. చిందేది, కప్పు పీల్చేది ఐదో వంతు తీసేస్తే 400. రెండు పెద్ద డ్రమ్ములు ఒక్క వానకే నిండాయి.

వినడానికి బాగానే ఉంది. మరి ఖర్చో? ఎండలు ముదిరితే చదరపు మీటరు మడి రోజుకు సుమారు 5 లీటర్లు తాగుతుంది. మన మడికి 50. అంటే 200 లీటర్ల డ్రమ్ము నాలుగు రోజుల ముచ్చటే. అందుకే డ్రమ్ము ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటాను. అది వానకీ వానకీ మధ్య చేబదులు లాంటిది. అసలు తొట్టి మట్టే. దాని మీద నాలుగు వేళ్ల మందాన ఎండుగడ్డో, ఎండుటాకులో పరిస్తే తడి అంత త్వరగా ఆరదు.

డ్రమ్ము పెట్టే చోటు గురించి కాస్త వివరంగా చెప్పాలి. నేను ఇటుకలు పేర్చి, పైన చెక్కపలక వేసి నిలబెట్టాను. మొదటి పెద్ద వాన రాత్రి కురిసింది. తెల్లారి చూస్తే డ్రమ్ము వెల్లకిలా పడి ఉంది, కుళాయి విరిగింది. నిండు డ్రమ్ము 200 కిలోల పైమాటేనని తెలుసు. తడిసిన నేల ఒక పక్కకు కుంగుతుందనే తట్టలేదు. ముందు నేల దిమ్మిస కొట్టి, కంకర పోసి, దానిమీద చదునైన బండ వేయండి. పొంగిపోయే నీళ్లకు పెట్టే పైపు, లోపలికి వచ్చే పైపంత లావు ఉండాలి. లేకపోతే ఆ నీళ్లన్నీ ఈ దిమ్మ కిందికే చేరతాయి.

మొదటి జల్లు నీళ్లలో దుమ్ము, పిట్టల రెట్టలు ఉంటాయి. మొదటి మిల్లీమీటరు, అంటే మన లెక్కలో 50 లీటర్లు, బయటికి వదిలేయండి. మూతకు సన్నటి దోమతెర బిగించండి. దోమ గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లో రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. వెలుతురు దూరని ముదురు రంగు డ్రమ్మయితే పాచి పట్టదు. ఈ నీళ్లు మొక్కలకే. తాగడానికి వేరే ఏర్పాటు ఉంది, అది తర్వాత.

ఇంటిపని: నిలువు గోడలున్న గిన్నె ఒకటి ఆరుబయట పెట్టండి. వాన వెలిశాక స్కేలు ముంచి మిల్లీమీటర్లు చూడండి, మీ కప్పు కొలతతో హెచ్చవేయండి. మూడు వానలు రాసుకుని రండి. డ్రమ్ములు ఎన్నో 4వ పాఠంలో తేలుద్దాం.