చూసిన సినిమా గురించి మన అనుభవాన్ని రాయడం ఎలా

ఇటీవల చూసిన సినిమా గురించి రాయాలని కూర్చున్నప్పుడు చాలామందికి ముందుగా గుర్తొచ్చేది పత్రికల సమీక్ష పద్ధతే: కథ, నటీనటులు, సాంకేతిక వర్గం, బలాలు, బలహీనతలు, చివర అయిదుకు ఇంత అని ఒక రేటింగు. విడుదల రోజున టికెట్టు కొనాలా వద్దా అని ఆలోచించే పాఠకుడికి అది ఉపయోగపడుతుంది. మీ అనుభవం చెప్పడానికి మాత్రం చాలదు, ఎందుకంటే అందులో మీకు చోటుండదు. సినిమా మిమ్మల్ని ఎక్కడ కదిలించిందో, ఎక్కడ విసిగించిందో, ఎందుకలా జరిగిందో చెప్పడమే ఇక్కడ అసలు పని.

చూసిన రోజే, ఇతరుల సమీక్షలేవీ చదవకముందే, మనసులో నిలిచిన మూడు నాలుగు సన్నివేశాలను కాగితం మీద పెట్టండి. పాత్రల పేర్లు తర్వాత వెతుక్కోవచ్చు. ఎవరు ఏ మాట అన్నప్పుడు మీరు ఉలిక్కిపడ్డారో, ఆ క్షణంలో సంగీతం వినిపించిందో లేదో అప్పుడే రాసుకోవాలి. ఇతరుల మాటలు చదివాక మన జ్ఞాపకం వాళ్ల మాటల్లోకే ఒదిగిపోతుంది.

ఆ తర్వాత ప్రతి ప్రశంసకూ ఒక సన్నివేశాన్ని సాక్ష్యంగా చూపించాలి. 2023లో వచ్చిన వేణు యెల్దండి చిత్రం ‘బలగం’నే తీసుకుందాం. ‘కుటుంబ బంధాల విలువను చక్కగా చూపించారు’ అని రాస్తే ఆ వాక్యం ఏ కుటుంబ కథాచిత్రానికైనా అతుకుతుంది. విందులో నల్లి బొక్క దగ్గర మొదలైన పట్టింపు బావాబామ్మర్దులను విడదీసి, ఒక ఆడబిడ్డను ఏళ్ల తరబడి పుట్టింటికి దూరం చేసిందని, చావింట్లో కూడా ఆ పంతం సడలలేదని, చూస్తున్నంతసేపూ మీ బంధువుల్లో ఒకరు గుర్తొచ్చారని రాస్తే, అది ఈ సినిమా గురించి మీరు మాత్రమే రాయగలిగిన మాట అవుతుంది. చనిపోయిన తాత కొమురయ్యకు పెట్టిన ముద్దను పిట్ట ముట్టకపోవడం కథను నడిపిస్తుంది. అయితే నా దృష్టిలో ఆ చిత్రానికి ఆయువుపట్టు చివర్లో బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాడే పాట. చనిపోయిన మనిషి మనసును ఇంట్లోవాళ్లెవరూ కాకుండా గాయకులు వినిపిస్తారు కాబట్టే అది ఉపన్యాసం కాకుండా తప్పించుకుంది. ఇలా ‘ఎందుకు’ అన్నదాకా వెళ్లినప్పుడే అభిప్రాయానికి బరువు వస్తుంది.

ఎలా చూశారో కూడా చెప్పండి. తెలంగాణలో ఎన్నో ఊళ్లలో ‘బలగం’ను తెర కట్టి ఊరంతా కలిసి చూశారు, పక్కన కూర్చున్నవాళ్లు కళ్లు తుడుచుకుంటుండగా చూడడమూ, ఫోనులో ఆపుతూ ఆపుతూ చూడడమూ ఒకే అనుభవం కావు.

సాంకేతిక విషయాలు తెలియవని వెనకాడనక్కర్లేదు. 1957 నాటి ‘మాయాబజార్’ను మళ్లీ చూసి మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం అద్భుతమని అనే బదులు, ‘లాహిరి లాహిరి’ పాటలో నీటి మీద మెరిసే వెన్నెలను మీ కళ్లు ఎలా వెంబడించాయో ఒక్క వాక్యంలో చెబితే చాలు. ‘కనువిందు’, ‘ప్రాణం పోశారు’ వంటి అరిగిన మాటలు కనిపించినచోటల్లా కొట్టివేసి, అక్కడ మీరు చూసిందే రాయండి.

కథ ఎంతవరకు చెప్పాలన్నది సున్నితమైన విషయం. వెంకటేశ్ మహా దర్శకత్వంలో 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో నాలుగు ప్రేమకథల మధ్య సంబంధం చివర్లో గానీ తెలియదు. దాన్ని ముందే చెప్పేస్తే చూడబోయేవారి ఆనందాన్ని మనం దోచుకున్నట్టే. దానికి బదులు, విశాఖపట్నంలోని ఆ పేటకు చెందిన స్థానికులే ఎక్కువ పాత్రలు పోషించడం వల్ల అది నటనలా కాక, వీధిలో నిలబడి చూస్తున్నట్టు అనిపించిందని రాయవచ్చు. కీలకమైన మలుపును చర్చించక తప్పదనుకుంటే ముందుగా ఒక హెచ్చరిక పెట్టడం మర్యాద.

నచ్చని సినిమా గురించి రాసేటప్పుడు సన్నివేశాన్ని సాక్ష్యంగా చూపించడం మరింత అవసరం. నటుల రూపాన్నీ, అభిమానులనూ ఎత్తిపొడవకుండా, ఏ సన్నివేశంలో నమ్మకం పోయిందో, అంతకుముందు సినిమా మీకు ఏం ఆశ చూపిందో చెప్పండి. సినిమా పేరు, దర్శకుడి పేరు, విడుదలైన సంవత్సరం మొదటి పేరాలోనే ఉండేలా చూసుకుని, అక్షరదోషాలు సరిచేశాక ఒకసారి పైకి చదవండి. మరో సినిమాకు కూడా సరిపోయేలా వినిపించిన ప్రతి వాక్యాన్నీ తిరగరాయండి.