ఓజు సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలి?

జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు గురించి ఎవరినడిగినా ముందు 'టోక్యో స్టోరీ' (1953) చూడమంటారు. నేను మాత్రం దాంతో మొదలుపెట్టొద్దంటాను. 2012లో 'సైట్ అండ్ సౌండ్' అనే బ్రిటిష్ సినిమా పత్రిక ఇప్పటిదాకా వచ్చిన వాటిలో గొప్ప సినిమాలేవని వందలమంది దర్శకుల్ని అడిగితే మొదటి స్థానం దానికే వచ్చింది, అంత పేరున్న సినిమా కదా అని ఏదో జరుగుతుందని ఎదురుచూస్తూ కూర్చుంటే, మొదట్లోనే ఒక ముసలి జంట ప్రయాణానికి సామాను సర్దుకుంటూ గాలిదిండు నీ దగ్గరుందంటే నీ దగ్గరుందని వెతుక్కుంటుంటారు. నేను మొదటిసారి అక్కడే నిద్రపోయాను.

ముందు 'గుడ్ మార్నింగ్' (1959) పెట్టండి. కలర్ సినిమా, కామెడీ. టీవీ కొనమని గొడవ చేస్తే తండ్రి నోరు మూసుకోమన్నాడని ఇద్దరు పిల్లలు నిజంగానే మాట్లాడటం మానేస్తారు. పెద్దవాళ్ళు మాత్రం ఊరికే వాగట్లేదా, "గుడ్ మార్నింగ్, ఇవాళ ఎండ బాగుంది" అంటూ, అని పెద్దవాడి వాదన. చివర్లో రైల్వే ప్లాట్‌ఫారం మీద, ఒకరంటే ఒకరికి ఇష్టమున్న ఇద్దరు ఆ విషయం తప్ప మబ్బుల గురించీ వాతావరణం గురించీ అన్నీ మాట్లాడుకుంటారు. ఓజు దగ్గర అసలు మాట ఎప్పుడూ ఇలా పక్కనే ఉండిపోతుంది. ఇది పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. (అపానవాయువు జోకులు కూడా బోలెడున్నాయి, మహా దర్శకుడని మరీ భయపడక్కర్లేదు.)

రెండోది 'లేట్ స్ప్రింగ్' (1949). తండ్రిని వదిలి పెళ్ళి చేసుకోనంటుంది కూతురు నోరికో, తనే మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నానని తండ్రి ఆమెకి అబద్ధం చెబుతాడు. ఇక్కడ ఏం చూపిస్తున్నాడో కాదు, ఏం చూపించట్లేదో చూడండి. పెళ్ళికొడుకు ముఖం సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా కనపడదు, పెళ్ళి కూడా కనపడదు. అలంకరించుకున్న కూతురు, ఆ తర్వాత ఇంట్లో ఒంటరిగా పండు తొక్క తీస్తున్న తండ్రి, అంతే. నోహ్ (జపాన్ సంప్రదాయ నాటకం) చూసే సీన్లో అయితే నిమిషాల తరబడి పాత్రల మధ్య మాటలే లేవు, నోరికోగా వేసిన సెత్సుకో హారా ముఖంలో నవ్వు ఎలా పోతుందో గమనించండి. ఫోన్ పక్కన పడేయకపోతే ఈ సీన్ మీకు దక్కదు. స్పీడ్ పెంచి చూసే అలవాటుంటే అసలు ఓజు జోలికే వెళ్ళొద్దు.

కెమెరా సంగతి కొంచెం. బాగా కింద పెడతాడు, చాప మీద కూర్చున్న మనిషి కళ్ళకన్నా కూడా కిందే. దాదాపు ఎప్పుడూ 50 ఎం.ఎం. లెన్సే (మరీ దగ్గరగా లాగదు, మరీ వెడల్పుగా చూపించదు) వాడతాడు, కలర్‌కి వచ్చాక కెమెరా కదలడం కూడా మానేసింది. మాట్లాడుకునేవాళ్ళు మనవైపే చూస్తున్నట్టుంటారు, మొదట చిరాకేస్తుంది, ఓ ఇరవై నిమిషాలకి అలవాటైపోతుంది.

ఇప్పుడు 'టోక్యో స్టోరీ'. తండ్రి వేషం వేసిన చిషూ ర్యూకి అప్పటికి 50 కూడా నిండలేదంటే నమ్మబుద్ధి కాదు. మొదట్లో కిటికీ దగ్గర పలకరించే పక్కింటావిడని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

ఓజు జీవితం గురించి ఈ మూడూ అయ్యాకే చదవండి, ముందు చదివితే ప్రతి సీన్లో ఆయన్నే వెతుకుతారు. 1903 డిసెంబర్ 12న టోక్యోలో పుట్టాడు, 1923లో షోచికు స్టూడియోలో అసిస్టెంట్ కెమెరామన్‌గా చేరాడు, ఇన్ని పెళ్ళిళ్ళు రాసినవాడు తను మాత్రం చేసుకోకుండా తల్లితోనే ఉండిపోయాడు. ఆమె 1962లో పోయింది, ఆ ఏడాదే వచ్చిన 'యాన్ ఆటమ్ ఆఫ్టర్‌నూన్' ఆయన చివరి సినిమా. 1963లో సరిగ్గా 60వ పుట్టినరోజునాడు చనిపోయాడు.

పేర్లతో తికమక తప్పదు. 'లేట్ స్ప్రింగ్', 'అర్లీ సమ్మర్', 'లేట్ ఆటమ్' అన్నీ ఒకేలా వినిపిస్తాయి, అందుకే సంవత్సరం రాసి పెట్టుకోండి. 1949, 1951, 1953 సినిమాల్లో సెత్సుకో హారా పాత్ర పేరు నోరికోనే అయినా ముగ్గురూ వేరు వేరు మనుషులు, సీక్వెల్ అనుకోకండి. ఇక 1960 నాటి 'లేట్ ఆటమ్' మాత్రం 'లేట్ స్ప్రింగ్' చూశాకే చూడాలి, అక్కడ పెళ్ళి వద్దన్న కూతురిగా చేసిన హారానే ఇక్కడ కూతురికి పెళ్ళి చేసి పంపే తల్లి.