సంక్రాంతి సంచిక ప్రెస్సుకిచ్చే ముందు
సంఘం వార్తాపత్రిక ఫైలు పట్టుకుని నెల్లూరు ట్రంకు రోడ్డులో ప్రెస్సుకు పోయేముందు ఇవి చూసుకోండి.

- దాతల పేర్లు, ఫోన్ నంబర్లు కాగితం మీద ప్రింటు తీసి, టైపు చేసినవాళ్లు కాకుండా ఇంకొకరు పెన్నుతో టిక్కు పెడుతూ చదవాలి. నిరుడు ఒక ఇంటిపేరులో వత్తు పోయింది, 400 కాపీలకు చేత్తో స్టిక్కర్లు అంటించాం, ఆ పెద్దాయన ఇంకా సరిగా మాట్లాడ్డం లేదు.

- యూనికోడ్‌లో (ఫోన్లో, కంప్యూటర్లో మామూలుగా కొట్టే తెలుగు) కొట్టింది ప్రెస్సువాళ్లు వాడే ‘అను’ (Anu) ఫాంట్లలోకి మారిస్తే వత్తులు, పొల్లులు చెదురుతుంటాయి. మార్చాక మళ్లీ మొదటి నుంచి చదవండి, పాత ప్రూఫు చూసి ఓకే అనొద్దు.

- ఫొటోలు వాట్సాప్‌లో డాక్యుమెంటుగానే పంపమనండి, మామూలుగా పంపితే ఫైలు సైజు తగ్గిపోయి ముఖాలు మసగ్గా పడతాయి.

- మధ్యలో పిన్ను కొట్టాలంటే పేజీలు 4, 8, 12 ఇలాగే ఉండాలి.