పరమాణువు లెక్కలు – 4: అల్యూమినియం ఇవ్వని నాలుగో ఎలక్ట్రాన్

పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ని లాగేయడానికి కావలసిన శక్తే అయనీకరణ శక్తి. మెగ్నీషియం కంటే అల్యూమినియం మొదటి అయనీకరణ శక్తి ఎందుకు తక్కువో కిందటి పాఠంలో చూశాం. ఇవాళ పేరు చెప్పని మూలకం ఆవర్తన పట్టికలో ఏ గ్రూపుదో (ఏ నిలువు వరసదో) అంకెలు చూసి పట్టుకుందాం.

మళ్లీ అల్యూమినియమే తీసుకుంటున్నాను. మన కోరాపుట్ వాళ్లకి ఇది ఇంటి సరుకు. పంచపత్మాలి కొండ మీది బాక్సైట్ నుంచి దమన్‌జోడిలో అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, తీస్తారు. అందులో రెండు అల్యూమినియంలకు మూడు ఆక్సిజన్లు. ఒక్కో ఆక్సిజన్ రెండేసి ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, అంటే ఒక్కో అల్యూమినియం మూడేసి ఇచ్చింది. నాలుగోది ఎందుకివ్వదు?

దాని అయనీకరణ శక్తులు వరసగా, మోల్‌కి కిలోజౌళ్లలో: 578, 1817, 2745, 11577.

పెరగడం వింత కాదు. ఎలక్ట్రాన్లు తగ్గుతున్నా కేంద్రకంలో ప్రోటాన్లు 13 అలాగే ఉన్నాయి, మిగిలినవాటి మీద పట్టు బిగుస్తుంది. చూడాల్సింది ఎక్కడ ఒక్కసారిగా ఎగిరిందో. అల్యూమినియంలో ఎలక్ట్రాన్ల అమరిక, లోపలి కర్పరం (పొర) నుంచి బయటికి, 2, 8, 3. పై మూడూ సంతకి వెళ్లినప్పుడు చొక్కా జేబులో వేసుకున్న చిల్లర లాంటివి. నాలుగోది రొండిన దోపుకున్న డబ్బు. అది రెండో కర్పరంలో, కేంద్రకానికి బాగా దగ్గరగా ఉంది. దానికి లోపల అడ్డుగా ఉన్నవి ప్రధానంగా రెండే ఎలక్ట్రాన్లు.

ఇక్కడ చాలామంది భాగహారం చేస్తారు. నేనూ చదువుకునే రోజుల్లో అలాగే చేసి దెబ్బతిన్నాను. 1817ని 578తో భాగిస్తే మూడుకు పైనే వస్తుంది, 'ఇదే జంప్' అనిపిస్తుంది. కానీ మొదటి ఎలక్ట్రాన్ 3పి అనే ఉపకర్పరంలోది, వదులుగా ఉంటుంది. అందుకే ఆ 578 మరీ చిన్నది. భాగహారం మానేసి తీసివేయండి: 1239, 928, 8832. ఇక టెన్షన్ లేదు. మూడు పోయాక ఎగిరింది కాబట్టి పై కర్పరంలో మూడు, 13వ గ్రూపు. (ఇలాంటి మూలకాలకి పై కర్పరంలో ఒకటో రెండో ఉంటే అదే గ్రూపు అంకె, మూడు నుంచి పది కలపాలి.) పాత పుస్తకాల్లో మూడు-ఎ అని ఉంటుంది.

బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదివే పిల్లలు పేర్ల గురించి బెంగపడక్కర్లేదు, తీసివేత ఏ భాషలోనైనా ఒకటే.

ఇక మీ వంతు. గ్రూపు చెప్పండి:

786, 1577, 3232, 4356, 16091.

496, 4562. దీనికి పెన్ను కూడా తియ్యక్కర్లేదు.

801, 2427, 3660. ఇక్కడ జంప్ ఇంకా రాలేదు. కాబట్టి ఏ గ్రూపులు కావో మాత్రం రాయండి.