మన కంప్యూటర్, మన చేతిపని – 6వ పాఠం: ఎక్స్‌టెన్షన్‌కూ యాంటీవైరస్‌కూ పడనప్పుడు

ఐదో పాఠంలో ఎక్స్‌టెన్షన్లకు, అంటే బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములకు, మనం ఇచ్చే అనుమతుల గురించి చెప్పుకున్నాం. ‘అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవడం, మార్చడం’ అనే ఆ ఒక్క లైను గుర్తుంది కదా? ఈ పాఠమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. అంత అనుమతి చేతిలో ఉన్న ప్రోగ్రామును చూస్తే యాంటీవైరస్‌కు అనుమానం రావడంలో తప్పులేదు. ఆ అనుమానం నిజమా కాదా తేల్చడం ఇవాళ్టి పని.

మాఘమాసం ముహూర్తాల రోజుల్లో చిక్కడపల్లిలో తెలిసినావిడ డీటీపీ సెంటర్‌కు వెళ్లాను. ఆవిడ శుభలేఖల మ్యాటరంతా బ్రౌజర్‌లోనే, ఒక తెలుగు టైపింగ్ ఎక్స్‌టెన్షన్‌తో కొడతారు. ఇంగ్లిష్ కీబోర్డు మీద ఏ, ఎం, ఎం, ఏ అని కొడితే ‘అమ్మ’ అని పడుతుంది. ఆ రోజు పొద్దున్నుంచి పడటం లేదు. ఎక్స్‌టెన్షన్స్ పేజీ తెరిస్తే దాని కింద ‘ఈ ఎక్స్‌టెన్షన్ పాడైపోయి ఉండవచ్చు’ అన్న అర్థంలో ఎర్రగా ఒక ఇంగ్లిష్ లైను, పక్కన రిపేర్ బటన్. రిపేర్ నొక్కితే బాగవుతుంది, పది నిమిషాలకు మళ్లీ అదే లైను.

“తమ్ముడూ, పొద్దున్నుంచి ఇదే పరేషాన్. ఈ యాంటీవైరస్ తీసి పారేద్దామా? ఆరింటికి పెళ్లివాళ్లు ప్రూఫ్ కోసం వస్తారు,” అన్నారు.

“తీసేయొద్దక్కా, ముందు అది ఏం పట్టుకుందో చూద్దాం,” అన్నాను.

యాంటీవైరస్‌లో హిస్టరీ అనే పేజీ ఉంటుంది, విండోస్ డిఫెండర్‌లో అయితే ప్రొటెక్షన్ హిస్టరీ అంటారు. తెరిచి చూస్తే ఒకే ఫైలు పేరు నాలుగుసార్లు ఉంది. నాలుగుసార్లూ క్వారంటైన్, అంటే ఫైలును ఎత్తుకెళ్లి విడిగా బంధించింది. టైములు చూశాం. ఆవిడ రిపేర్ నొక్కిన ప్రతిసారీ, ఆ వెనకే.

లోపల జరిగేది ఇది. క్రోమ్ ప్రతి ఎక్స్‌టెన్షన్‌నూ తన యూజర్ డేటా ఫోల్డర్‌లో, 32 అక్షరాల పేరున్న ఒక ఫోల్డర్‌లో పెడుతుంది. ఆ పేరులో ఇంగ్లిష్ ఏ నుంచి పీ దాకా ఉన్న అక్షరాలు తప్ప ఇంకేవీ రావు. వెబ్ స్టోర్ నుంచి దిగేటప్పుడే ప్రతి ఫైలుకూ ఒక లెక్క, అంటే హ్యాష్, వెంట వస్తుంది. క్రోమ్ ఫైలును ఆ లెక్కతో సరిచూసుకుంటుంది. యాంటీవైరస్ ఆ ఫైలును ఎత్తుకుపోయినా, అందులో ఒక్క అక్షరం మార్చినా లెక్క కుదరదు. వెంటనే క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌ను ఆపేస్తుంది. రిపేర్ అంటే స్టోర్ నుంచి మళ్లీ దించడమే కాబట్టి, యాంటీవైరస్ మళ్లీ ఎత్తుకుపోతుంది. ఎన్నిసార్లు నొక్కినా అంతే.

మరి టైపింగ్ ఎక్స్‌టెన్షన్‌నే ఎందుకు పట్టుకుంది? అది మీరు నొక్కే ప్రతి కీనీ చదువుతుంది. చదవకపోతే ‘అమ్మ’ అని మార్చడం కుదరదు. పాస్‌వర్డులు దొంగిలించే కీలాగర్ చేసే పని కూడా అదే. పైపైన చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇక్కడ దయచేసి తొందరపడకండి. ‘మన ఎక్స్‌టెన్షన్ మంచిదే’ అని ముందే అనేసుకుంటే నష్టపోయేది మనమే. ది గ్రేట్ సస్పెండర్ అని ఒక ఎక్స్‌టెన్షన్ ఉండేది. చాలామంది ఏళ్ల తరబడి నమ్మకంగా వాడారు. 2020లో అది చేతులు మారింది. 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ ఉందని గూగులే దాన్ని తీసేసింది. నిన్నటి మంచి ఎక్స్‌టెన్షన్ ఇవాళ్టి అప్‌డేట్‌తో చెడిపోవచ్చు. అందుకని స్టోర్ పేజీలో తయారీదారు పేరు మారిందా, చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చింది, కొత్తగా ఏ అనుమతి అడుగుతోంది, ఈ మూడూ చూడండి. ఆ తర్వాత అనుమానపు ఫైలును వైరస్‌టోటల్ సైటులో వేయండి. డెబ్బైకి పైగా స్కానర్లు దాన్ని చూసి చెబుతాయి. అక్కడ వేసిన ఫైలు బయటివాళ్ల చేతికి కూడా వెళ్తుంది, కాబట్టి సొంత కాగితాలు మాత్రం వేయకండి.

మేం నా ల్యాప్‌టాప్‌లో అదే ఎక్స్‌టెన్షన్ వేసి, అదే ఫైలును పరీక్షకు పంపాం. అనుమానించినవి రెండే, అందులో ఒకటి అక్క వాడేదే. తయారీదారు మారలేదు, కొత్త అనుమతులూ లేవు. ఫైలును యాంటీవైరస్ కంపెనీకి ‘పొరపాటున పట్టుకున్నారు’ అని పంపించి, ఈలోపు మినహాయింపు పెట్టాం, అంటే ఆ ఫోల్డర్ జోలికి వెళ్లొద్దని యాంటీవైరస్‌కు చెప్పాం.

మినహాయింపు పెట్టడంలోనే చాలామంది తప్పు చేస్తారు. క్రోమ్ ఫోల్డర్ మొత్తాన్ని మినహాయిస్తారు. వీధి తలుపు తీసి పడుకోవడమే అది. ఆ ఒక్క 32 అక్షరాల ఫోల్డర్‌ను మాత్రమే ఇవ్వండి. దాని లోపల వెర్షన్ నంబరుతో ఇంకో ఫోల్డర్ ఉంటుంది, దాన్ని ఇవ్వకండి. అప్‌డేట్ రాగానే ఆ నంబరు మారుతుంది, తగాదా మళ్లీ మొదటికొస్తుంది. మినహాయింపు పెట్టాకే రిపేర్ నొక్కండి. రిమూవ్ నొక్కితే సింక్‌లో, అంటే మీ ఆన్‌లైన్ ఖాతాలో, లేని సెట్టింగులు పోతాయి.

ఇంకో మాట. మనసుకు ఏమాత్రం అనుమానం మిగిలినా ఎక్స్‌టెన్షన్‌నే పక్కన పెట్టండి. తెలుగు టైపింగ్‌కు అయితే విండోస్‌లోనే ఫొనెటిక్ కీబోర్డు ఉంది, 2019 మే అప్‌డేట్‌తో వచ్చింది. మినహాయింపు కంటే అది నాకు ఎక్కువ ఇష్టం.

ఇప్పుడు రెండో రకం తగాదా. ఎక్స్‌టెన్షన్ ఆన్‌లోనే ఉంటుంది, ఎర్ర లైనేమీ ఉండదు, కానీ సర్వర్‌తో కలవదు, సింక్ కాదు. చాలా యాంటీవైరస్‌లలో హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ ఉంటుంది. తాళం వేసి వచ్చే డేటాను మధ్యలో విప్పి, చూసి, తన సొంత సర్టిఫికెట్‌తో, అంటే సైటు ఎవరిదో చెప్పే డిజిటల్ గుర్తింపు పత్రంతో, మళ్లీ తాళం వేసి బ్రౌజర్‌కు ఇస్తుంది. దీన్ని కళ్లారా చూడొచ్చు. క్రోమ్‌లో ఏదైనా సైటు తెరిచి, అడ్రసు పక్కనున్న గుర్తు నొక్కి, కనెక్షన్ సురక్షితం అన్నచోటి నుంచి సర్టిఫికెట్ తెరవండి. జారీ చేసింది ఎవరు అన్నచోట మీ యాంటీవైరస్ పేరుంటే స్కానింగ్ నడుస్తోందన్నమాట. కొన్ని యాంటీవైరస్‌లు బ్యాంకు సైట్లను వదిలేస్తాయి కాబట్టి వేరే సైటుతో చూడండి. ఫైర్‌ఫాక్స్‌కు సర్టిఫికెట్ల జాబితా సొంతంగా ఉంటుంది. అందుకే క్రోమ్‌లో నడిచింది అక్కడ నడవకపోవడం ఒకప్పుడు మామూలు. 2019లో వచ్చిన 68వ వెర్షన్ నుంచి ఆ ఇబ్బంది తగ్గింది. ఇక్కడ కూడా స్కానింగ్ మొత్తం ఆపకుండా, ఎక్స్‌టెన్షన్ మాట్లాడే సర్వర్ అడ్రసును మాత్రం మినహాయించండి.

కొన్ని పాస్‌వర్డ్ మేనేజర్ల ఎక్స్‌టెన్షన్లకు తోడుగా కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాము ఉంటుంది. దాన్ని యాంటీవైరస్ ఆపితే ఎక్స్‌టెన్షన్ ఒంటరిదైపోతుంది. జీఎస్టీ పోర్టల్‌లో డిజిటల్ సంతకం పెట్టే ట్యాక్స్ కన్సల్టెంట్లకు ఆ సంతకం పెట్టించే ఎమ్‌సైనర్ ప్రోగ్రాముతో ఇలాంటి అనుభవమే ఉంటుంది. అది ఎక్స్‌టెన్షన్ కాదుగానీ చిక్కు అదే. యాంటీవైరస్‌లోనూ, ఫైర్‌వాల్‌లోనూ ఆ ప్రోగ్రాముకు అనుమతి ఇచ్చి చూడండి.

అన్నిసార్లూ తప్పు యాంటీవైరస్‌దే కాదు. 2019 మే 4న ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా సర్టిఫికెట్ ఒకటి గడువు దాటి, ప్రపంచమంతటా ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ రోజు యాంటీవైరస్‌లో ఎన్ని సెట్టింగులు మార్చినా లాభం లేదు. అందుకే దేన్నైనా మార్చేముందు క్రోమ్‌లో కొత్త ప్రొఫైల్ తెరిచి, ఆ ఒక్క ఎక్స్‌టెన్షన్ వేసి చూడండి. అక్కడ నడిస్తే గొడవ మీ పాత ప్రొఫైల్‌లోని ఇంకో ఎక్స్‌టెన్షన్‌తోనో, సెట్టింగుతోనో అయ్యుండొచ్చు. అక్కడా ఆగితే, యాంటీవైరస్‌లోని షీల్డులను, అంటే రక్షణ విభాగాలను, ఒక్కొక్కటిగా ఐదు నిమిషాలు ఆపి చూడండి. ఒకదాన్ని మళ్లీ వేశాకే ఇంకోదాన్ని ముట్టుకోండి.

చిక్కడపల్లిలో ఆరింటికి పెళ్లివాళ్లు వచ్చేసరికి ప్రూఫ్ రెడీ. వధువు తాతగారి ఇంటిపేరులో దీర్ఘం పోయిందని వాళ్లే చెప్పారు, అక్క అక్కడికక్కడే దిద్దారు.

వచ్చే పాఠానికి ఇంటిపని: మీరు రోజూ చూసే మూడు సైట్ల సర్టిఫికెట్లు తెరిచి, జారీ చేసినవాళ్ల పేర్లు కాగితం మీద రాసుకోండి. ఏడో పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడదాం.