చవుడు మిద్దె చప్పుడు చేస్తోందా? పైన ఇంకో తట్ట మట్టి పోయకండి

వానలు పట్టాయంటే చాలు, రాయలసీమ పల్లెల్లో చవుడు మిద్దె, అంటే కర్ర దూలాలపై చవుడు మట్టి పరిచిన కప్పు, కూలి నిద్రలోనే మనుషులు పోయారన్న వార్త ఏటా వినాల్సి వస్తోంది. చాలాసార్లు కూలే ముందు మిద్దె చప్పుడు చేస్తుంది. ఏ చప్పుడుకు భయపడాలో తెలియాలి.

పొద్దెక్కేటప్పుడు, పొద్దుగూకాక టక్‌టక్‌మంటే అది ఎండ పని. ఇంటికి రేకులు కూడా ఉంటే, పన్నెండు అడుగుల ఇనుప రేకు 40 డిగ్రీల తేడాకు దాదాపు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. బోల్టు దగ్గర పట్టేసి ఒక్కసారిగా జారినప్పుడు ఆ మోత వస్తుంది, దానికి బెదరక్కర్లేదు. ఎండతో పని లేకుండా, వానలోనో వాన వెలిసిన మర్నాడో, కిర్రుమని సాగి ఫెళ్లుమని, వెంటనే మట్టి రాలిందంటే కర్ర విరుగుతోందని అర్థం.

కొంపలు ముంచే తప్పు ఒకటే. కారుతోందని, పాత మట్టి తియ్యకుండా ఏటా కొత్త చవుడు పోయడం. పదడుగుల చదరం గదిపై అంగుళం మందం మట్టి పొడిగా ఉన్నప్పుడే దాదాపు 350 కిలోలు. ఏటా అంగుళం చొప్పున ఆరేళ్లు పోస్తే రెండు టన్నులు దాటుతుంది. తడిస్తే ఇంకో మూడు నాలుగు వందల కిలోలు. మోసే దంతెలు (కప్పు కింది కర్ర దూలాలు) మాత్రం తాతలనాటివే.

దంతె నడుమ చూసి ధైర్యపడొద్దు. గోడలోకి దూరిన జానెడు ముక్క ముందు పుచ్చుతుంది, చెమ్మ చేరేదీ చెద పట్టేదీ అక్కడే. సున్నం గీకి, గోడను ఆనుకున్న చోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి. బలం పెట్టకుండానే అరంగుళం దిగితే ఆ దంతె అయిపోయినట్టే.

వంపు కొలవాలంటే దంతె కింద రెండు చివర్లా మూడంగుళాల చెక్కముక్కలు పెట్టి వాటి కింద దారం బిగించండి. నడుమ దంతెకూ దారానికీ సందు రెండంగుళాలే ఉంటే అంగుళం వంపు. కొన్ని కర్రలు మొదట్నుంచీ వంకరే, కాబట్టి కొలత, తేదీ అక్కడే పెన్సిల్‌తో రాసి వారానికోసారి చూడండి. సందు తగ్గుతుంటే ఆ గదిలో పడుకోవద్దు.

మట్టి దించే పని ఎండలుండగానే చేయాలి. ముందు కింద ఊతం. మూడు నాలుగు దంతెలకు కలిపి ఒక అడ్డకర్ర, దాని కింద రెండు సర్వి బాదులు (నిలువు కర్రలు), బాదుల అడుగున రెండంగుళాల పలక. బిగువుకు పెట్టే చెక్క చీలలు ఆనేంతవరకే కొట్టండి. మిద్దెను పైకి లేపాలని చూస్తే గోడ పగులుతుంది.

మట్టి రెండు పక్కలా సమంగా తీయండి. మధ్యలో కుప్ప పోయొద్దు, తీసిన తట్ట తీసినట్టే కిందికి దించాలి. తీసినదానికంటే ఎక్కువ తిరిగి పోయొద్దు. నీళ్లు పోయే తూముల వైపు వాలు ఉండాలి. చవుడు మీద సిమెంటు వేయించొద్దు, రెండంగుళాల కాంక్రీటు ఆ గదికి టన్ను పైమాటే. వెయ్యి లీటర్ల ట్యాంకూ టన్నే, పెట్టొద్దు. మిద్దె పైన గడ్డి వేయొద్దు. టార్పాలిన్ వానకు ముందే కప్పండి, వానలో మిద్దె ఎక్కొద్దు. కారినా సరే, పాతది తియ్యకుండా మట్టి పోయొద్దు. తలుపు బిగుసుకుని పైమూల కొత్త పగులు కనబడితే ఆ రాత్రే ఖాళీ చేయండి. వాన వెలిసిందని లోపలికి పోవద్దు, నానిన గోడ ఒకట్రెండు రోజుల తర్వాత కూడా కూలుతుంది. ఫెళ్లుమంటే పిల్లల్నీ ముసలివాళ్లనీ తీసుకుని బయటికి రండి, 112కు ఫోన్ చేయండి. సామాన్ల కోసం వెనక్కి పోవద్దు.